రోజుకు మూరెడు

వన్ టౌన్‌లో చేపలమ్మే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నా గురువమ్మ గొంతు గురువమ్మదే. సందు మొదట్లో నిలబడి ఒక్క కేక వేసిందంటే సందు చివరి ఇంట్లో పిల్లి లేచి ఒళ్లు విరుచుకునేది. బేరమాడేవాళ్లను తిట్టేది కాదు గానీ, వాళ్ల పెళ్లినాటి భోజనాల దగ్గర్నుంచీ తవ్వి ఎత్తిపొడిచేది. అయినా జనం ఆవిడ దగ్గరే కొనేవారు. నిన్నటి చేపను ఇవాళ్టిదని అంటగట్టే బుద్ధి ఆవిడకు లేదు. శుక్రవారం వంజరం తెస్తానని ఎవరికైనా చెప్పిందంటే, తుపాను వచ్చి బోట్లు ఆగిపోతే తప్ప శుక్రవారం వంజరం వచ్చి తీరేది. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి మాట తప్పింది. అదీ ఒక తేనెపెట్టె విషయంలో.

తొంభైల చివరి మాట ఇది. కన్యమేరీ కొండ కింద సందులో మూడు వాటాల పెంకుటిల్లు ఒకటి ఉండేది. దాని ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగాటి వాకిలి. గేటు పక్కన కుళాయి, కుళాయిని ఆనుకుని యేసుదానం గది. మధ్య వాటా గురువమ్మది. మూడోదానికి ఎప్పుడూ తాళమే, ఇంటివాళ్లు పాత సామాను పడేసుకున్నారు. అది దాటాక వెనకగోడ వారన బాదం చెట్టు. ఆ వాకిట్లో ఏ వస్తువు పెట్టినా సాయంత్రానికి ఓడరేవు మీంచి వచ్చే బొగ్గు దుమ్ము దాని మీద పరుచుకునేది. యేసుదానం తన తేనెపెట్టెకు ఏటేటా తెల్లరంగు వేసేవాడట. అది తెల్లగా ఉండగా గురువమ్మ మాత్రం ఏనాడూ చూడలేదు.

యేసుదానం పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. ఆ తరవాత చర్చిలో గంట కొట్టే పని పెట్టుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒక ఏడు ఆ గంట గోపురం గోడ బొరియలో తేనెటీగలు చేరాయి. మంట పెట్టి పోగొడదామన్నారు చర్చి పెద్దలు. ఖాదీ బోర్డు వాళ్ల దగ్గర ఎప్పుడో ఈగల పెంపకం నేర్చుకున్న యేసుదానం, వద్దని బతిమాలి తనే పైకెక్కాడు. పట్లు కోసి, వాటిని చెక్క చట్రాలకు అరటినారతో కట్టి, ఈగలతో సహా పెట్టెలో దించి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి ఆయన భార్య దీవెనమ్మ మంచాన పడి ఉంది. మంచం మీంచి కిటికీలో కనపడాలని పెట్టెను కుళాయి పక్కన పెట్టాడు. పాపం ఆవిడ పోయేదాకా ఆ ఈగల రాకపోకలు చూసుకుంటూ పొద్దుపుచ్చింది. ఆవిడ పోయినా పెట్టె అక్కడే ఉండిపోయింది. సాయంత్రమయ్యేసరికి యేసుదానం దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు, పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు. ఇదంతా గురువమ్మకు తెలియనిది కాదు. దీవెనమ్మకు నోరు చేదెక్కినప్పుడు సొరచేప పుట్టు వండిపెట్టింది ఆవిడే.

తెలిసీ గొడవ పెట్టుకుంది. తల్లి ప్రాణం మరి, ఏం చేస్తుంది! ఒక్కగానొక్క కూతురు ఈశ్వరిని భీమిలి ఇచ్చారు. మొదటి కడుపు నిలవలేదు. ఐదో నెలలో పోయింది. రెండోసారి నెలలు నిండుతున్నాయని పుట్టింటికి తెచ్చుకుని, కింద కాలు పెట్టనివ్వకుండా చూసుకుంటోంది గురువమ్మ. అటువంటి పిల్ల ఒకరోజు అమ్మ హార్బరు నుంచి రాకముందే కుళాయి దగ్గరికి పోయి బిందె ఎత్తబోయింది. ఈగ కంటి పక్కన కుట్టింది. ముఖం బూరెలా పొంగింది.

ఆ మధ్యాహ్నం గురువమ్మ గొంతు విన్నవాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. చేపల తట్ట వాకిట్లో పడేసి, చీర కొంగు బిగించి, యేసుదానం గది ముందు నిలబడి నానా మాటలూ అంది. పిల్ల పురుటికి ముందే ఆ పెట్టె అక్కణ్నుంచి కదలకపోతే కిరసనాయిలు పోసి అంటిస్తానంది. యేసుదానం తల వంచుకుని అంతా విన్నాడు. కిటికీ వైపు ఒకసారి చూశాడు. ఆ తరవాత, సరే, బాదం చెట్టు కిందకి జరిపేస్తానన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదేమో, గురువమ్మకే కాస్త సిగ్గేసింది.

ఆ సిగ్గు తెల్లారేదాకానే. పొద్దున్నే లేచి చూస్తే పెట్టె బాదం చెట్టు కింద లేదు. కుళాయికి ఇవతలగా మూరెడు జరిగి ఉంది, అంతే! మర్నాడు ఇంకో మూరెడు. ముసలాయన తనని వెక్కిరిస్తున్నాడనుకుంది గురువమ్మ. వెళ్లి నిలదీసింది. అప్పుడు నోరు తెరిచాడు యేసుదానం.

"ఈటికి పెట్టె తెలీదు గురువమ్మా, సోటు తెలుసు. ఎగిరేటప్పుడు ఆ కొండా ఆ గేటూ ఈ కుళాయీ గురుతెట్టుకుని ఎల్తాయి. పెట్టెని ఒకేపాలి సెట్టు కిందకి ఎత్తుకెళ్లిపోతే, తిరిగొచ్చి ఇక్కడే ఎతుక్కుని ఎతుక్కుని సచ్చిపోతాయి. మూరెడైతే పోల్చుకుంటాయి. నడిసముద్రంలో సేపల సోటు ఎలగ గురుతెట్టుకుంటాడో నీ మొగుడు పైడయ్యనే అడుగు."

అలా అయితే తమ అల్లుడి ఊరు పంపేయమంది గురువమ్మ. భీమిలి అయితే రేపే పంపొచ్చు, ఒక్క ఈగ కూడా దారి తప్పదు అన్నాడాయన. అంత దూరంలో వాటికి తెలిసిన గుర్తు ఒక్కటీ ఉండదు గనక, అన్నీ కొత్తగా చూసుకుని కొత్త చోటుకే అలవాటు పడతాయట. కానీ అక్కడ చూసుకునేవాళ్లెవరు? ఈ వాకిలి దాటించడమే కష్టం అన్నాడు. గురువమ్మ ఆ మాటను ఊరికే పోనిస్తుందా! మర్నాడు చేపలమ్మిన ప్రతి ఇంట్లోనూ చెప్పి నవ్వించింది. భీమిలి దగ్గరట, బాదం చెట్టు దూరమట, విన్నారా అమ్మా ఈ చోద్యం అని.

అక్కణ్నుంచి ఆ పెట్టె సందందరి పెట్టె అయిపోయింది. సాయంత్రం ఈగలన్నీ ఇల్లు చేరాక యేసుదానం బయటికొచ్చేవాడు. పెట్టె ఒక నాలుక్కాళ్ల బల్ల మీద ఉండేది. చీమలు ఎక్కకుండా ఆ కాళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరిచిప్పలు. మోచేతి నుంచి వేలి కొసదాకా నేల మీద కొలిచి, చిప్పలు జరిపి, బల్లను ఈ పక్క కొంచెం ఆ పక్క కొంచెం ఎత్తి జరిపేవాడు. పెట్టె ద్వారం మాత్రం ఎప్పుడూ ఎదురుగా కనపడే దర్గా కొండ వైపే. వాన పడి ఈగలు గడప దాటని రోజున జరిపేవాడు కాదు. నిన్నటి చోటు అవి ఇంకా చూసుకోలేదు గదా అనేవాడు. చేపలు కొనేవాళ్లు మొప్పలు ఎత్తి చూస్తూ, పెట్టె ఎంతవరకొచ్చింది గురువమ్మా అని అడిగేవారు.

వచ్చిన చిక్కల్లా, కుళాయి నుంచి బాదం చెట్టుకు పోవాలంటే గురువమ్మ గుమ్మం దాటాలి. కూతురికి దూరంగా పెట్టమంటే రోజుకింత దగ్గరకు తెస్తున్నాడు మహానుభావుడు. గురువమ్మ ఎండుచేపల చాప తీసి లోపలికి మార్చుకుంది. కూతుర్ని పగలు బయటికి రానివ్వడం మానేసింది. రోజులు లెక్కపెట్టుకుంటూ, పెట్టె గుమ్మం దాటడం ముందా పురుడు రావడం ముందా అని గుండెలు అరచేత పట్టుకుని తిరిగింది.

పెట్టె గుమ్మానికి ఇంకా రెండు మూడు మూరల దూరంలో ఉండగానే యేసుదానం గోపురం మెట్ల మీద జారిపడ్డాడు. రాత్రి కురిసిన వానకు పాచి మెట్లు జారుడుగా ఉన్నాయి. తొడ ఎముక విరిగింది. ఆటోనగర్‌లో వెల్డింగు చేసే మేనల్లుడు యోహాన్ వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చి, రాత్రిళ్లు తనే దగ్గర పడుకునేవాడు.

గురువమ్మ ఎంత తిట్టినా మనిషి మనిషే. చేపల పులుసూ అన్నమూ కేరేజీలో పెట్టుకుని చూడబోయింది. కాలుకు బరువు కట్టి మంచానికి వేలాడదీశారు. ఎలా ఉందని అడిగితే యేసుదానం తన కాలు ఊసే ఎత్తలేదు.

"పెట్టె నీ గుమ్మం కాడ ఉండిపోయింది" అన్నాడు. "పురుటి మనిషి ఉన్న ఇల్లు. అక్కడ ఉండకూడదు, నాకూ తెలుసు. నువ్వే జరపాల. రోజుకు మూరెడు గురువమ్మా, అంతకి మించొద్దు. సేపల సెయ్యి పెట్టకు, వాసన పడదు ఈటికి. సింతపండుతో కడుక్కో."

"నాను సూసుకుంటాను బాబాయ్" అంది గురువమ్మ. "మూరెడంటే మూరెడే. మాటిత్తన్నాను."

ఆవిడ బాబాయ్ అని పిలిచి చాలా రోజులయింది. యేసుదానం కళ్లు మూసుకున్నాడు. ఆయనకిక కాలు నొప్పి ఒక్కటే మిగిలింది.

మొదటి సాయంత్రం గురువమ్మ చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. చింతపండుతో మోచేతుల దాకా తోముకుంది. చీర కొంగు తలకూ ముఖానికీ చుట్టుకుని కళ్లు మాత్రం బయటపెట్టుకుంది. సముద్రంలో పోటు చూసి జడవని మనిషి, పెట్టె లోపలి ఆ రొద వినేసరికి రెండడుగులు వెనక్కి వేసింది. మూరెడు జరిపి ఒక్క పరుగున లోపలికొచ్చి తలుపేసుకుంది. లోపల్నుంచి చూస్తున్న ఈశ్వరి కడుపు పట్టుకుని నవ్వింది. రెండో రోజు భయం తగ్గింది. మూడో రోజుకు పెట్టె సరిగ్గా గుమ్మం ఎదురుగా వచ్చి నిలిచింది.

ఆ మర్నాడే గురువమ్మ మొగుడు పైడయ్య సముద్రం మీంచి వచ్చాడు. బోటెక్కి వెళ్లినప్పుడు ఎక్కడో కుళాయి దగ్గరున్న పెట్టె, తిరిగొచ్చేసరికి తన గుమ్మానికి అడ్డంగా ఉంది. నిండు చూలాలు దాన్ని తప్పించుకుని ఓరగా నడుస్తోంది. పైడయ్య నెత్తి కొట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఇసక మీద తెప్పలు లాగి పెరిగిన మనిషి. వాళ్ల పేటలో ఎంత పెద్ద తెప్పయినా మధ్యలో ఆపరు. ఆపితే అల లాక్కుపోతుంది. అందరూ భుజాలు ఆన్చి ఒక్క ఊపులో ఒడ్డెక్కించాల్సిందే. గురువమ్మ పుట్టింటివాళ్లదీ అదే పద్ధతి. అలాంటివాళ్లకు రోజుకు మూరెడంటే నవ్వులాటగా ఉండదూ!

"మాటిచ్చాను మావా" అంది గురువమ్మ.

"పెట్టెని సెట్టు కిందకి సేరుత్తానని కదేటి మాటిచ్చావు. ఈయేలే సేరిపోద్ది" అన్నాడు పైడయ్య.

పురుళ్లు పోసే నర్సమ్మ నిన్ననే వచ్చి చూసి, ఇవాళో రేపో అన్నట్టుంది అని చెప్పి వెళ్లింది. గురువమ్మకు అదే చెవుల్లో తిరుగుతోంది. ఒక్క నిమిషం ఆగింది. ఆ ఒక్క నిమిషంలో ఇచ్చిన మాట కంటే కూతురి కడుపే ఎక్కువ తూగింది. ఊఁ అంది. పైడయ్య బోటు మీద పనిచేసే కోటిని పిలుచుకొచ్చాడు. చీకటి పడుతూనే ఇద్దరూ చెరోవైపు పట్టి ఒక్క ఊపున ఎత్తి, పెట్టెను తీసుకెళ్లి బాదం చెట్టు కింద పెట్టేశారు. బీడీ ముట్టించినంత సేపు పట్టలేదు. గురువమ్మ వాకిలి కడిగి, పెట్టె ఉన్నచోట పాత చేపల తట్ట ఒకటి బోర్లించి, హాయిగా నిద్రపోయింది.

మర్నాడు హార్బరు వేలంలో చేపలు పాడుకుని, రెండు సందులు తిరిగి అమ్ముకుని, ఎండెక్కాక ఇల్లు చేరింది. గేటు తీస్తూనే కాళ్లు ఆగిపోయాయి. వాకిలంతా ఈగలు. గుమ్మం ముందు గాలిలో సుడి తిరుగుతున్నాయి. బోర్లించిన తట్ట మీద నల్లగా ముసిరాయి. ద్వారబంధానికి గుత్తిగా వేలాడుతున్నాయి. లోపల ఈశ్వరి కిటికీ రెక్క ఓరగా తీసి, కడుపు మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. పైడయ్య అరుగు చివర నిలబడి కొబ్బరి పీచు పోగు చేస్తున్నాడు, పొగ పెట్టడానికి. చెట్టు కింద పెట్టె దగ్గర మాత్రం పదో పరకో.

గురువమ్మ నాలుగడుగులు దగ్గరికి వేసింది. అవి కుట్టడానికి రాలేదని చూడగానే తెలిసింది. వాటికి ఆవిడ ధ్యాసే లేదు. తట్ట మీద వాలతాయి, చుట్టూ తిరుగుతాయి, ద్వారం ఉండాల్సిన చోట గాల్లో ఆగుతాయి, మళ్లీ లేస్తాయి. కాళ్లకు పచ్చటి పుప్పొడి ఉండలు అంటుకునే ఉన్నాయి. తెచ్చిన సరుకు దించుకోవడానికి ఇల్లు కనపడటం లేదు వాటికి. తట్ట చుట్టూ నేల మీద కొన్ని అప్పుడే వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తున్నాయి. ముసలాయన చెప్పిందంతా చెప్పినట్టే కళ్ల ముందు జరుగుతోంది. ఆయన మంచం మీద కాలు కట్టేసుకుని, ఇక్కడ మూరెడే జరుగుతోందనుకుంటూ పడుకున్నాడు. గురువమ్మకు ఏడుపొచ్చింది. నెత్తిమీది తట్ట దించింది.

పైడయ్య అగ్గిపుల్ల గీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అటు పట్టు" అంది. "ఉన్నకాడికే తెచ్చేద్దాం."

పట్టపగలా, పిచ్చెక్కిందా అన్నాడు పైడయ్య. గురువమ్మ వినలేదు. అంత కంగారులోనూ కుళాయి దగ్గర కూర్చుని చింతపండుతో చేతులు తోముకుంది. చెట్టు కిందకి నడిచి, పెట్టె ద్వారంలో తడిగుడ్డ కుక్కి, బల్లకు ఒకవైపు చేతులేసింది. మొగుడు రాకపోతే ఒక్కతే లాక్కొచ్చేట్టు ఉంది. ఆ మొండితనం తెలిసినవాడు గనక పైడయ్య తలకు తువ్వాలు చుట్టుకుని రెండో వైపు పట్టాడు. ఇద్దరూ ఆ ఈగల సుడిలోకి నడిచారు. గురువమ్మకు మణికట్టు మీద ఒకటి కుట్టింది, చెవి కింద ఒకటి, బొటనవేలి మీద ఇంకొకటి. బల్ల వదల్లేదు. నోటికొచ్చిన దేవతల పేర్లన్నీ తలుచుకుంటూ, బోర్లించిన తట్టను కాలితో మెల్లగా పక్కకి జరిపి, నిన్నటి చిప్పల మచ్చలు చూసుకుని, సరిగ్గా ఆ మచ్చల మీద బల్ల కాళ్లు ఆన్చి, ద్వారం దర్గా కొండ వైపు తిప్పి, తడిగుడ్డ లాగేసింది.

ముందు నాలుగు ఈగలు ద్వారం దగ్గర వాలాయి. మిగతావాటిని పిలుస్తున్నట్టు వెనక భాగం పైకెత్తి రెక్కలు గబగబా ఆడించాయి. అంతే, తట్ట మీదున్నవీ ద్వారబంధం మీదున్నవీ వరసకట్టి నడుచుకుంటూ లోపలికి పోవడం మొదలుపెట్టాయి. గురువమ్మ కదలకుండా పక్కనే నిలబడి, వాచిపోతున్న చెయ్యి రెండో చేత్తో పట్టుకుని, ఆఖరిది లోపలికి పోయేదాకా చూసింది. ఆ రోజు తట్టలో మిగిలిన చేపలు ఎండకు చెడిపోయాయి. ఆవిడ జన్మలో అలా జరగడం అదే మొదలు. నేల మీద చచ్చిపడినవాటిని చీపురుతో ఊడవబుద్ధి కాక, చేత్తో ఏరి ఒక కొబ్బరిచిప్పలో పోసింది. చిప్ప నిండింది.

సాయంత్రం పైడయ్య అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగింది, నడిసముద్రంలో చేపల చోటు ఎలా తెలుసుకుంటావని. యారాడ కొండ మీది లైటూ చర్చి గోపురమూ ఏ వరసలో కనపడితే వల వెయ్యాలో ఆయన చేత్తో చూపించి చెప్పాడు. ఆ గోపురాన్ని ఎవడైనా ఒక రాత్రి ఎత్తుకెళ్లి వేరేచోట పెడితే ఏం చేస్తావంది గురువమ్మ. పైడయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. ఆ పూట తిండి సగంలో లేచాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాచిన చెయ్యి కొంగు కింద దాచుకుంది. ఏం లాభం! యేసుదానం చూపు తిన్నగా చెవి కింది వాపు మీదే పడింది. ఎక్కడున్నాయి అని మాత్రం అడిగాడు.

"మా గుమ్మం కాడే ఉన్నాయి బాబాయ్. మొన్న ఒకేపాలి ఎత్తించేశాను. నిన్న మళ్లీ నానే తెచ్చి పెట్టాను." గురువమ్మ గొంతు ఆవిడకే వినపడనంత తగ్గిపోయింది. "ఓ కొబ్బరిసిప్పడు సచ్చిపోయాయి."

యేసుదానం ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది గురువమ్మకు. ఆవిడ తిట్లకు బెదిరే మనిషి కాదు. చివరికి ఆయన ఇటు తిరిగి, పట్టపగలు నువ్వే ఎత్తావా అని అడిగాడు. ఎత్తానంది. చేతికి సున్నం రాసుకోలేదేం అన్నాడు. పక్క మంచం ఆయన భార్య దగ్గర తమలపాకుల పెట్టె ఉందని, సున్నం అడిగి ఇప్పించాడు. ఆ తరవాత ఈ వేళ్టి మూరెడు మర్చిపోకు అన్నాడు.

మర్చిపోతుందా! ఆ రోజునుంచి సాయంత్రం అయిందంటే గురువమ్మను ఎవరూ ఆపలేకపోయారు. బేరం సగంలో ఉన్నా తట్ట ఎత్తుకుని ఇంటిదారి పట్టేది. ఈశ్వరికి నొప్పులొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లిన సాయంత్రం కూడా, పైడయ్యను కూతురి దగ్గర కూర్చోబెట్టి, ఆటోలో ఇంటికొచ్చి, మూరెడు జరిపి, అదే ఆటోలో వెనక్కి పోయింది. ఆ అర్ధరాత్రికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పిల్లను పొత్తిళ్లలో పెట్టుకుని ఇంటికి తెచ్చిన రోజున పెట్టె గుమ్మం దాటి కిటికీ కింద ఉంది. ఆ రొద లోపలికి వినపడేది. మనవరాలు ఆ రొదకే నిద్రపోతోందని గురువమ్మ సందంతా చెప్పుకుంది. కిరసనాయిలు సంగతి ఎవరైనా గుర్తుచేస్తే వినపడనట్టు చేపలు సర్దుకునేది.

పెట్టె తాళం వేసిన వాటా దాటింది. బాదం ఆకులు ఎర్రబడి రాలుతుండగా చెట్టు కిందకి చేరింది. ఆ మర్నాడు సాయంత్రం కూడా గురువమ్మ చేతులు తోముకుని వాకిట్లోకి వచ్చేసింది. ఇక జరపాల్సింది లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక చిప్పల్లో నీళ్లు మార్చి లోపలికి పోయింది.

మరి కొన్నాళ్లకు యేసుదానాన్ని ఇంటికి పంపారు. యోహాన్ ఆటోలో తీసుకొచ్చి, చంకల కింద కర్రలు పెట్టించి, గేటు దగ్గర దించాడు. గురువమ్మ మనవరాలిని భుజాన వేసుకుని ఎదురొచ్చింది. చెట్టు వైపు చెయ్యి చూపించబోయి ఆగిపోయింది. యేసుదానం అటు చూడనేలేదు. కర్రలు పొడుచుకుంటూ తిన్నగా కుళాయి పక్కకి పోయాడు. అక్కడ ముక్కాలిపీట ఉంది, గోడకు కిటికీ ఉంది. బల్ల కాళ్ల కింది చిప్పల మచ్చలు కూడా గచ్చు మీద ఇంకా పోలేదు. పెద్దాయన ఆ ఖాళీ చోటు ముందు నిలబడిపోయాడు. ఈగల గురించి వన్ టౌన్‌లో ఆయనకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? తన చేత్తో తనే జరపడం మొదలుపెట్టిన పెట్టె. అయినా కాళ్లు అక్కడికే పోయాయి.

గురువమ్మకు ఆ వేళ తట్ట మీద ముసిరినవి గుర్తొచ్చాయి.

"అక్కడ లేవు బాబాయ్" అంది మెల్లగా. "ఇటు రా."

ఆయన తిరిగాడు. బాదం చెట్టు ఆ కొసన ఉంది. రెండడుగులు వేసేసరికి నుదుట చెమట పట్టింది. యోహాన్ చూడలేక, కుర్చీలో కూర్చోబెట్టి తనూ పైడయ్యా ఎత్తుకెళ్తే ఒక్క నిమిషంలో అయిపోతుందని కుర్చీ తేబోయాడు.

"ఒగ్గేయ్!" అంది గురువమ్మ. చాలా రోజులకు ఆ పాత గొంతు సందు చివరిదాకా వినిపించింది. "ఒకేపాలి ఎత్తుకెళ్లిపోతావేటి? ఆయన్నలగే రానీ."

యేసుదానం అడుగు మూరెడే పడుతోంది. కర్ర ముందుకు వేయడం, కాలు ఈడ్చడం, ఆగి ఊపిరి తీసుకోవడం. గురువమ్మ తొందరపెట్టలేదు. పిల్లను ఈశ్వరికి అందించి ఆయన పక్కనే అంతే మెల్లగా నడిచింది. తన గుమ్మం దగ్గర ఆయన ఆగినప్పుడు తనూ ఆగింది. చెట్టు కిందకి చేరేసరికి ఎండ తగ్గి, ఈగలు మందలు మందలుగా ఇంటికొస్తున్నాయి. ఒక్కటి కూడా వాకిలి అవతలికి పోవడం లేదు. అన్నీ తిన్నగా వచ్చి ద్వారంలో దిగుతున్నాయి. యేసుదానం కర్ర మీద వంగి, పెట్టె పక్కకి చెవి ఆన్చి, చాలాసేపు విన్నాడు. బొగ్గు దుమ్ము చెంపకు అంటింది.

"ఈటికి ఇదే ఇల్లయిపోయింది గురువమ్మా" అన్నాడు.

"నీకూ అలవాటైపోద్ది బాబాయ్" అంది గురువమ్మ. కుళాయి దగ్గరికి పోయి, ముక్కాలిపీట తెచ్చి, పెట్టె పక్కన వేసింది.